బరువు తగ్గే ఆపరేషన్‌కి ముందు ఆ నడుము నొప్పి మాత్రల సంగతి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది హిందూపురం దగ్గర ఒక ఊరు. చాలా ఏళ్లుగా బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటున్నాం. మా వారికి 42 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బరువు 131 కిలోలు. షుగర్, బీపీ ఉన్నాయి. గురక సమస్యకి రాత్రిళ్లు మాస్క్‌తో గాలి పంపే సీపాప్ మెషీన్ పెట్టుకుంటారు. వచ్చే నెల బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ అనుకున్నాం. అమెరికాలో ఉన్న మా బావగారు ఫోన్ చేసి, “ఆపరేషన్ తర్వాత నొప్పికి మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్ మందులు ఇస్తారు, అస్సలు ఒప్పుకోవద్దు, ఇక్కడ వాటికి అలవాటుపడి ఎంతమంది పోయారో” అన్నారు. మా అత్తగారేమో “కడుపు కోశాక నొప్పి ఉండదా, ఓర్చుకోవాలి” అంటున్నారు. ఈయనకి నొప్పి అంటే భయం. నడుము నొప్పికి ఏడాదిగా ట్రమడాల్ ఉన్న మాత్ర మెడికల్ షాపులో తెచ్చుకుని అప్పుడప్పుడు వేసుకుంటారు. అది లేకపోతే చిరాకు పడతారు. ఈ విషయం ఆపరేషన్ డాక్టర్‌కి చెప్పక్కర్లేదు అంటారు. ఆ మందులు లేకుండా ఈ ఆపరేషన్ నొప్పి తట్టుకోవచ్చా? ఇంట్లో తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడు, మిగిలిన మాత్రలు ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, మీరు అడిగిన ప్రశ్నలు రెండు. రెండింటికీ జవాబు చెబుతాను. కానీ అడగకుండా మధ్యలో చెప్పి వదిలేసిన సంగతి ఒకటుంది. మీ వారు ఏడాదిగా ట్రమడాల్ వేసుకుంటున్నారు, అది డాక్టర్‌కి చెప్పక్కర్లేదంటున్నారు. ముందు దాని గురించి మాట్లాడుకోవాలి. మీ బావగారు ఏ మందు పేరు చెప్పి భయపెడుతున్నారో అది మీ ఇంటి అలమరలోకి ఎప్పుడో వచ్చేసింది. ట్రమడాల్ కూడా ఓపియాయిడే. మార్ఫిన్ కన్నా బలం తక్కువ.

మన దగ్గర నడుము నొప్పికి తరచుగా రాసే మాత్రలో 37.5 మిల్లీగ్రాముల ట్రమడాల్, 325 మిల్లీగ్రాముల పారసెటమాల్ కలిసి ఉంటాయి. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, ఒకసారి చూడండి. చాలామంది దీన్ని కొంచెం స్ట్రాంగ్ డోలో అనుకుంటారు. 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ని మాదకద్రవ్యాల చట్టం కిందకు తెచ్చారు. అంతకు ముందు నుంచే అది షెడ్యూల్ హెచ్1 మందు. అంటే ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదు, ఎవరికి అమ్మారో, ఏ డాక్టర్ రాశారో షాపువాళ్లు రిజిస్టర్‌లో ఎక్కించి మూడేళ్లు దాచాలి. నియమం అది. కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎప్పటిదో చీటీ ఫోన్‌లో చూపిస్తే ఇచ్చేస్తారు. కొన్నిచోట్ల అదీ అడగరు.

మీ వారికి వ్యసనం ఉందని నేను అనడం లేదు. ఒక ఉత్తరం చూసి అలా అనకూడదు కూడా. కానీ “అది లేకపోతే చిరాకు పడతారు” అని మీరే రాశారు. ఆ చిరాకు నడుము నొప్పి వల్లనా, మాత్ర అందక ఒళ్లు అడగడం వల్లనా అనేది తేలాలి. “అప్పుడప్పుడు” అన్న మాటతో అది తేలదు. ఒక వారం పాటు ఆయన్నే కాగితం మీద రాసుకోమనండి. ఏ రోజు, ఏ టైంకి, ఎన్ని వేసుకున్నారు. ఆ టైంకి నొప్పి నిజంగా ఉందా, లేక రాత్రి ఆఫీసు కాల్ అయ్యాక నిద్ర పట్టక వేసుకున్నారా. మీరు మాత్రం చాటుగా చెత్తబుట్టలో స్ట్రిప్పులు లెక్కపెట్టకండి. అది గొడవకి దారి తీస్తుంది, ఆయన ఇంకా దాచడం మొదలుపెడతారు.

ఆ కాగితం పీఏసీ రోజున మత్తు డాక్టర్ చేతిలో పెట్టాలి. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ చేసే చెకప్‌నే ఆసుపత్రుల్లో పీఏసీ అంటారు. నాది ఆ పనే కాబట్టి చెబుతున్నాను. ఆ గదిలో పేషెంట్లు తాగుడు, సిగరెట్ల తర్వాత ఎక్కువగా దాచేది ఈ నొప్పి మాత్రలనే. చెబితే ఆపరేషన్ క్యాన్సిల్ చేస్తారని భయం. మామూలుగా క్యాన్సిల్ చేయరు, ప్లాన్ మారుస్తారు.

దాస్తే ఏమవుతుందో చెబుతాను. మాత్రకి అలవాటుపడిన ఒంటికి మామూలు డోసు నొప్పిమందు సరిగా పని చేయదు. ఆయన నొప్పి నొప్పి అంటుంటే, కారణం తెలియని డ్యూటీ డాక్టర్ డోసు పెంచుతూ పోతారు. ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. అలవాటైన ట్రమడాల్ ఉన్నట్టుండి ఆగితే ఒకటి రెండు రోజుల్లో చెమటలు, వణుకు, కంగారు, గుండె దడ మొదలవుతాయి. స్లీవ్ చేసిన సర్జన్ ఆ రోజుల్లో ఒళ్లంతా కళ్లు చేసుకుని చూసేది కూడా ఆ గుండె దడ కోసమే. జీర్ణాశయాన్ని కోసి స్టేపుల్స్‌తో మూసిన గీత వెంట ఎక్కడైనా లీక్ అయితే, జ్వరం కన్నా ముందే నాడి వేగం పెరగవచ్చు. మాత్ర మానడం వల్ల వచ్చిన దడని లీక్ అనుకుంటే అనవసరంగా స్కాన్లు, ఒక్కోసారి మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లడం. నిజమైన లీక్‌ని “టెన్షన్ పడుతున్నాడులే” అని వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మాత్రల సంగతి ముందే తెలిసిన డాక్టర్ రెండు కోణాల్లోనూ చూస్తారు.

ఆపరేషన్ అయితే బరువు తగ్గుతారు, నడుము నొప్పి పోతుంది, మాత్ర దానంతట అదే మానేస్తారు అని ఆయన అనుకుంటూ ఉండవచ్చు. బరువు తగ్గితే నడుముకి తేలిక అవడం నిజమే. మాత్ర సంగతి అలా కాదు. అమెరికాలో ఈ ఆపరేషన్ చేయించుకున్న 11 వేలకు పైగా మందిని పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్‌కి ముందు నుంచే దీర్ఘకాలంగా ఓపియాయిడ్లు వాడుతున్నవాళ్లు 8 శాతం. వాళ్లలో 77 శాతం మంది ఆపరేషన్ తర్వాతి ఏడాదిలోనూ అలాగే వాడుతూ వచ్చారు. అందుకే అమ్మా, ఆపరేషన్ తర్వాత వాడకం తగ్గాలంటే పని ఆపరేషన్‌కి ముందే మొదలవ్వాలి. మీకు ఇంకా ఒక నెల ఉంది. అది తక్కువ టైం కాదు.

ఇది చదివి “సరే, రేపటి నుంచే మానేస్తాను” అంటే మాత్రం వద్దనండి. రోజూ వేసుకునే అలవాటు ఉంటే డాక్టర్ చెప్పిన లెక్కన కొద్దికొద్దిగా తగ్గించాలి. సొంతంగా తగ్గించలేకపోతుంటే హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో అడిక్షన్ మెడిసిన్ విభాగం ఉంది. అక్కడికి వెళ్లడం నామోషీ కాదు. సాఫ్ట్‌వేర్ వాళ్లూ, డాక్టర్లూ కూడా వెళ్తారు. ముందు ఫోన్‌లో మాట్లాడదాం అనుకుంటే 14446 జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, 14416 ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్. టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు.

టెన్షన్‌కో, డిప్రెషన్‌కో, నిద్రకో ఏదైనా మాత్ర వాడుతుంటే అదీ కాగితం మీద రాయండి. డిప్రెషన్ మాత్రలు కొన్ని ట్రమడాల్‌తో పడవు, ఫిట్స్ రావచ్చు. నిద్రమాత్రతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకి ట్రమడాల్ వల్ల షుగర్ మరీ పడిపోవడం కూడా ఉంది.

ఇక మీ మొదటి ప్రశ్న. ఈ ఆపరేషన్ నొప్పిని బలమైన ఓపియాయిడ్లు లేకుండా, లేదా చాలా తక్కువతో తట్టుకోవచ్చు. చాలామంది తట్టుకుంటున్నారు. ముందు ఆ నొప్పి ఎలా ఉంటుందో తెలిస్తే సగం భయం పోతుంది. స్లీవ్‌లో పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లు పెడతారు. లోపల జీర్ణాశయంలో ముప్పాతిక వంతుకు పైగా కోసి, ఒక గాటులోంచి బయటికి తీస్తారు. ఆ ఒక్క గాటు దగ్గర మిగతావాటి కన్నా ఎక్కువ నొప్పి ఉంటుంది, లేచి కూర్చునేటప్పుడు పట్టేస్తుంది. ఇది ఒక రకం. రెండోది భుజం నొప్పి. “కడుపుకి ఆపరేషన్ చేస్తే భుజం ఎందుకు లాగుతోంది” అని అందరూ కంగారు పడతారు. ఆపరేషన్‌లో పొట్టని ఉబ్బించడానికి నింపే కార్బన్ డయాక్సైడ్ కొంత మిగిలి, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ అనే కండరం కింద చేరి దాన్ని రేపుతుంది. ఆ కండరానికి వెళ్లే నరం మెడ నుంచి వస్తుంది కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుంది. దీనికి ఎంత బలమైన ఇంజెక్షన్ ఇచ్చినా పెద్దగా లాభం లేదు. లేచి వార్డులో నాలుగు అడుగులు వేస్తే, రెండు మూడు రోజుల్లో దానంతట అదే పోతుంది. మూడోది గుటక నొప్పి. పెద్ద గుటక వేస్తే ఛాతీ మధ్యలో బిగదీసినట్టు అవుతుంది. దానికి మందు చిన్న గుటకే.

మాత్ర మీద మాత్ర వేసే పాత పద్ధతి ఇప్పుడు మారింది. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ మొదలుపెట్టిన ఆలోచన ఒకటుంది. ఒకే బలమైన మందు మీద ఆధారపడకుండా, నొప్పి వెళ్లే దారిలో వేర్వేరు చోట్ల వేర్వేరు మందులు తక్కువ మోతాదులో వాడటం, పేషెంట్‌ని త్వరగా నడిపించడం, త్వరగా తాగించడం. దీన్ని ఇప్పుడు ఈరాస్ అంటున్నారు. బరువు తగ్గే ఆపరేషన్లకు ఈరాస్ సొసైటీ మార్గదర్శకాలు 2016లో వచ్చాయి, 2021లో మళ్లీ సవరించారు. బెంగళూరులో ఈ ఆపరేషన్ చేసే డాక్టర్‌ని “ఈరాస్ పద్ధతి పాటిస్తారా” అని అడగండి, వాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

ఆచరణలో అది ఇలా ఉంటుంది. థియేటర్‌లోకి వెళ్లేముందే పారసెటమాల్ ఇస్తారు. గాట్లు పెట్టే చోట తిమ్మిరి మందు ఎక్కిస్తారు. లేదా అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పొట్ట గోడ కండరాల పొరల మధ్య ఆ మందు వేస్తారు, దాన్ని ట్యాప్ బ్లాక్ అంటారు. దాంతో మొదటి కొన్ని గంటలు గాట్ల నొప్పి పెద్దగా తెలియదు. మత్తులో ఉండగానే డెక్సామెథసోన్ ఒక డోసు ఇస్తారు, వాంతులకీ నొప్పికీ రెండింటికీ పనికొస్తుంది. షుగర్ కాస్త పెరుగుతుంది, చూసుకుంటారు. కొందరికి నొప్పి తగ్గించే కెటమిన్, లిగ్నోకెయిన్ కూడా కొద్దిగా ఇస్తారు. ఆ తర్వాత వార్డులో పారసెటమాల్ నొప్పి వచ్చినప్పుడు కాదు, గడియారం చూసి ఇస్తారు. ఇవన్నీ ఇచ్చాక కూడా నొప్పి ఎక్కువైతే అప్పుడు ఓపియాయిడ్ చిన్న డోసు. ఆ చిన్న డోసు వద్దని మొండికేయక్కర్లేదు. ఈ మధ్య “ఒక్క ఓపియాయిడ్ కూడా వాడం” అని ప్రచారం చేసుకునేవాళ్లూ కనిపిస్తున్నారు. ఆ మాట చూసి ఆసుపత్రిని ఎంచుకోకండి. రాత్రి రెండు గంటలకు మీ వారు నొప్పి అంటే వచ్చి చూసే మనిషి ఉన్నారా అని అడగండి.

మీ వారి విషయంలో ఓపియాయిడ్లు తగ్గించడానికి అసలు కారణం అలవాటు భయం కన్నా గురక. నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లకి ఈ మందులు ఊపిరిని ఇంకా అణిచేస్తాయి. అందుకే సీపాప్ మెషీన్, ఆయన మాస్క్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఆపరేషన్ అయిన రాత్రి నుంచే పెట్టుకోవాలి. గాలి ఒత్తిడికి లోపలి స్టేపుల్స్ ఊడిపోతాయేమోనని ఇంట్లోవాళ్లు తీసి పక్కన పెడుతుంటారు. అలా లీక్‌లు పెరిగినట్టు అధ్యయనాల్లో కనబడలేదు. పడుకునేటప్పుడు తల వైపు ఎత్తుగా ఉంచమనండి.

ఒకటి ప్రత్యేకంగా చెబుతాను. డిశ్చార్జ్ ముందు “నొప్పి ప్యాచ్ ఒకటి అంటిస్తాం” అని చెస్ట్ మీదో, భుజం మీదో అతికించడం కొన్నిచోట్ల ఉంది. అందులో ఏ మందు ఉందో పేరు అడగండి. డైక్లోఫెనాక్ ప్యాచ్ వేరు. బుప్రెనార్ఫిన్ లేదా ఫెంటానిల్ ప్యాచ్ అయితే అది ఓపియాయిడ్. నెలల తరబడి ఉండే నొప్పి కోసం తయారు చేసింది. తీసేసినా చర్మంలో నిలవ ఉన్న మందు గంటల తరబడి రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. దాని మీద వేడి కాపడం పెడితే ఇంకా వేగంగా ఎక్కుతుంది. స్లీప్ ఆప్నియా ఉన్న మనిషికి ఇంట్లో, ఎవరూ చూడని రాత్రివేళ ఇది వద్దు. “ఈయనకి సీపాప్ ఉంది, ఇది అవసరమా” అని మీరే అడగండి.

మీ బావగారి మాటని తోసిపుచ్చను. ఆయన చూసింది నిజమే. అక్కడ చిన్న ఆపరేషన్లకి కూడా డబ్బాల కొద్దీ మాత్రలు రాసిన కాలం ఉంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 2017లో వచ్చిన లెక్కల్లో, అంతకు ముందు ఎప్పుడూ ఓపియాయిడ్ వాడనివాళ్లలో కూడా, ఈ ఆపరేషన్ అయిన ఏడాదికి సుమారు 9 శాతం మంది ఇంకా వాడుతూ ఉన్నారు. ఆ తర్వాత అక్కడివాళ్లే రాసే మాత్రల సంఖ్య బాగా తగ్గించారు. మన దేశంలో కథ వేరు. ఇక్కడ క్యాన్సర్ పేషెంట్లకి మార్ఫిన్ దొరక్క ఏళ్ల తరబడి అల్లాడారు, 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించాక కొంత దారి దొరికింది. కాబట్టి ఆ మందు పేరు వింటేనే వణకడం కూడా మంచిది కాదు.

అత్తగారికి మాత్రం కాస్త మెల్లగా నచ్చజెప్పాలి. నొప్పి ఓర్చుకుంటూ కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఈ బరువున్నవాళ్లకి అది ఎక్కువ. నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తీయకపోతే నిమ్ము చేరుతుంది. నడవగలిగేంత, ఊపిరి వ్యాయామానికి ఇచ్చే మూడు బంతుల స్పైరోమీటర్ లాగగలిగేంత, నీళ్లు తాగగలిగేంత నొప్పి తగ్గితే చాలు. నొప్పి సున్నా కావాలని పట్టుబట్టడం వల్లే మందులు పెరుగుతాయి. ఈ మాట మీ వారికి ఆపరేషన్‌కి ముందే చెప్పి ఉంచండి. నొప్పి అంటే భయం ఉన్న మనిషి కదా, ఏమీ తెలియదులే అని మనం అబద్ధం చెబితే మొదటి రాత్రే నమ్మకం పోతుంది.

ఇంటికొచ్చాక మూడు నుంచి ఐదు రోజులు, డాక్టర్ రాసిన లెక్కన పారసెటమాల్ చాలు. మొదట్లో సిరప్ గానీ, పొడి చేసుకునేది గానీ ఇస్తారు. అన్ని మందులకీ కలిపి పారసెటమాల్ రోజుకి 4 గ్రాములు దాటకూడదు. చాలామంది డాక్టర్లు 3 గ్రాముల దగ్గరే ఆపేస్తారు. అంటే పాత నడుము మాత్ర ఒకవైపు, డోలో ఇంకోవైపు వేసుకుంటే లెక్క తప్పుతుంది. ఎస్‌ఆర్ అని రాసి ఉన్న, మెల్లగా కరిగే ట్రమడాల్ మాత్రల్ని పొడి చేసి ఎప్పుడూ వేయకండి. గంటల మీద ఎక్కాల్సిన మందు ఒక్కసారే ఎక్కేస్తుంది. కాంబిఫ్లామ్, డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు షాపులో సొంతంగా కొనొద్దు. మీరు చేయించుకునేది స్లీవ్ కాబట్టి సర్జన్ కొద్ది రోజులకి అలాంటిది ఏదైనా రాయవచ్చు. అదే బైపాస్ (గుండెది కాదు, జీర్ణాశయం పైభాగాన్ని పేగుకి కలిపే ఇంకో బరువు తగ్గే ఆపరేషన్) అయితే కొత్తగా కలిపిన చోట పుండ్లు పడవచ్చు, దాదాపు జీవితాంతం దూరంగా ఉండమంటారు. ఆఖరి నిమిషంలో స్లీవ్ కాస్తా బైపాస్‌గా మారితే ఇది గుర్తుంచుకోండి.

స్లీవ్ తర్వాత మళ్లీ ఆసుపత్రిలో చేరడానికి తరచుగా కనిపించే కారణం ఒంట్లో నీళ్లు తగ్గిపోవడం. ట్రమడాల్ వేసుకుంటే వికారం, వికారం వల్ల తాగలేకపోవడం, తాగకపోతే నీరసం, తలతిప్పు. మలబద్ధకం సరేసరి. మజ్జిగ తేట, పల్చటి పప్పుకట్టు, నీళ్లు, సర్జన్ చెప్పిన పద్ధతిలో గుటక గుటకగా పట్టాలి. అత్తగారికి ఈ డ్యూటీ అప్పగించండి, ఓర్పు ఎవరికి ఉండాలో అప్పుడు ఆవిడకే తెలుస్తుంది. తాగుడు అలవాటు ఉంటే అదీ ఆపాలి. ఈ ఆపరేషన్ల తర్వాత మద్యం త్వరగా తలకెక్కుతుంది, మాత్ర మానినవాళ్లు అటు మళ్లడం కూడా ఉంది.

నొప్పి రోజురోజుకీ తగ్గాలి. తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగితే, జ్వరం వస్తే, కూర్చుని ఉన్నా నాడి నిమిషానికి 120 దాటితే, ఆయాసం, ఛాతీ నొప్పి, ఒక కాలి పిక్క వాపు కనిపిస్తే మాత్ర వేసి పడుకోబెట్టకండి. నొప్పి మాత్ర ఆ గుర్తుల్ని కప్పేస్తుంది. సర్జన్‌కి ఫోన్ చేసి అప్పటికప్పుడు బయల్దేరండి. సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ చూసి “పొద్దున్నే వెళ్దాంలే” అనుకోవద్దు. ఊపిరి సరిగా లేకపోతే, లేపినా లేవకపోతే 108.

మీ రెండో ప్రశ్న, మిగిలిన మాత్రలు. అసలు మిగలకుండా చూసుకోవడం మేలు. ట్రమడాల్ రాస్తే “ఎన్ని మాత్రలు” అని అడిగి, స్ట్రిప్ మొత్తం కాకుండా అవసరమైన నాలుగైదే కత్తిరించి ఇవ్వమనండి. వాడుతున్నన్ని రోజులు తాళం వేసిన అలమరలో ఉంచండి. పిల్లలకి ఇది ఒక్క మాత్ర కూడా ప్రమాదమే. “దగ్గుకో, పంటి నొప్పికో పనికొస్తుందిలే” అని ఎవరికీ ఇవ్వకండి. మిగిలినవాటిని 2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పినట్టు చేయండి. మామూలు మందుల్ని టాయిలెట్‌లో వేయకూడదు గానీ, ఇతరుల చేతిలో పడితే ప్రాణం తీయగల 17 మందుల్ని మాత్రం టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయమని అది జాబితా ఇచ్చింది. ట్రమడాల్, ఫెంటానిల్, బుప్రెనార్ఫిన్ అందులో ఉన్నాయి. ఇప్పుడు అలమరలో ఉన్నవి మాత్రం డోసు తగ్గించడం పూర్తయ్యేదాకా పారేయకండి. వాటిలో ఒక స్ట్రిప్ పీఏసీకి తీసుకెళ్లండి. వీలైతే మీరూ ఆయనతో పాటు లోపలికి వెళ్లి కూర్చోండి.